సొసైటీ గోడ మీద పన్నెండు పేర్లు

పోయిన వేసవిలో బంధువుల ఇంట్లో శుభకార్యానికి నారాయణఖేడ్ వెళ్లాను. భోజనాలు అయ్యాక తిరుగు బస్సుకు చాలా సమయం ఉండడంతో, మనూరు వైపు పోయే షేర్ ఆటో ఎక్కి మా ఊళ్లో దిగాను. అక్కడ ఇప్పుడు మాకు ఇల్లు లేదు, పలకరించేవాళ్లూ తక్కువే. కాళ్లు వాటంతట అవే రైతుల సహకార సొసైటీ వైపు నడిచాయి. రోడ్డు మీద కొత్త భవనం, గాజు తలుపు, లోపల కంప్యూటర్. బల్ల వెనుక కూర్చున్న కుర్రవాడు నన్నెరగడు. చాలా ఏళ్ల కిందట ఇక్కడ నేనే కార్యదర్శినని చెబితే లేచి కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. నేను చాయ్ తాగుతుండగానే ఒక రైతు తలుపు తోసుకుని వచ్చి, పంట అప్పు ఖాతాలో పడిందా అని అడిగాడు. కుర్రవాడు తెర వైపు చూసి పడిందన్నాడు. రైతు తన ఫోన్ తీసి చూసుకుని వెళ్లిపోయాడు. చాయ్ కప్పు కింద పెట్టేలోపు పని అయిపోయింది. ఆ రైతు చెప్పులు కూడా విప్పలేదు. తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు ఆ చెప్పుల సంగతే తోచింది.

నేను కార్యదర్శిగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సంగారెడ్డిలో ఇంటర్ చదివి, సహకార శిక్షణ పూర్తి చేసుకుని వచ్చాను. ఊరివాడైతే ఇచ్చినంత జీతానికి పడి ఉంటాడని అధ్యక్షుడు విఠల్‌రావు పటేల్ నన్ను తీసుకున్నాడు. ఆయన ఇంటి ముందు గదే అప్పట్లో సొసైటీ ఆఫీసు. అందులోకి రావాలంటే పటేల్ వాకిలి దాటాలి. వాకిలి దాటాలంటే చెప్పులు గోడవతల విడవాలి. వాడవాళ్లు, అంటే ఊరి చివర చర్చి పక్కన ఉండే క్రైస్తవ కుటుంబాలవాళ్లు, చెప్పులు విడిచినా గోడ ఇవతలికి వచ్చేవాళ్లు కాదు. పని ఉంటే అక్కడి నుంచే కేక వేసేవాళ్లు. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి జవాబు చెప్పేవాణ్ని. అది నాకు అప్పట్లో విడ్డూరంగా అనిపించలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒక మూల యూరియా సంచులు, ఇంకో మూల పురుగుమందు పొడి, వెనుక కొట్టంలోంచి పేడ, కంది పొట్టు. సాయంత్రానికి నా బట్టలకూ అదే వాసన పట్టేది. అమ్మ అప్పటికి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తుండేది. ఆమె రొట్టె చరిచే చప్పుడు వాకిట్లోకి వినిపించేది. నేను గడప తొక్కగానే తలెత్తకుండా, "తానం జేసి రా, అప్పటిదాంక రొట్టె ముట్టకు," అనేది. మా బాపు దర్జీ. వసారాలో మిషన్ ముందు కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేచేవాడు కాదు. ఎప్పుడూ పెదవుల మధ్య దారప్పోగు ఉండేది. అందుకే మాట్లాడితే రెండు మూడు ముక్కలే. కానీ ఊళ్లో ఎవరి పరిస్థితి ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరు కాలర్ తిప్పి కుట్టించుకుంటున్నారో, ఎవరు తండ్రి ధోవతి చింపి పిల్లలకు చొక్కాలు కుట్టిస్తున్నారో ఆయన చేతుల మీదుగానే తెలిసేది. వాడలో ఒక ఇంటి నుంచి మాత్రం రెండేళ్లుగా ఏ బట్టా రావడం లేదని ఒకసారి అన్నాడు. అది ఎస్తేరమ్మ ఇల్లు.

ఎస్తేరమ్మ భర్త పాము కరిచి చనిపోయాడు. ఆమెకు రెండున్నర ఎకరాల లావుణి భూమి ఉంది, అంటే సర్కారు పేదలకు పంచిన భూమి. రాళ్ల నేల, వాన తప్ప వేరే నీళ్లు లేవు. కంది, జొన్న, అర ఎకరంలో పెసర వేసేది. విత్తనానికీ తిండికీ ఏటా పటేల్ ఇంటి నుంచే గింజలు తెచ్చుకునేది. ఒక సంచి తెచ్చుకుంటే పంట వచ్చాక సంచిన్నర కొలిచి పోయాలి. దాన్ని మా వైపు నాగు అంటారు. పటేల్ ఇంటికి సగం వాడ నుంచి నాగు గింజలు వచ్చేవి. సొసైటీలో మాత్రం వాడవాళ్లు ఒక్కరూ సభ్యులు కాదు. నేను చేరేనాటికి సభ్యుల పుస్తకంలో ఉన్నవాళ్లంతా నాలుగైదు ఇళ్లవాళ్లే. కొందరు కాలం చేసినవాళ్లు కూడా అందులో ఇంకా అప్పులు తీసుకుంటున్నారు.

ఒకరోజు సొసైటీకి డబ్బు సమకూర్చే సహకార బ్యాంకు నుంచి సూపర్‌వైజర్ వచ్చి కొత్త ఉత్తర్వు చదివి వినిపించాడు. చిన్న రైతుల్ని సభ్యులుగా చేర్చుకోవాలి, వాటా ధనం వాయిదాల్లో కట్టించుకోవచ్చు, భూమి తాకట్టు లేకుండా పంట మీదే అప్పు ఇవ్వవచ్చు. పటేల్ విన్నంతసేపూ మీసం నిమురుకున్నాడు. సూపర్‌వైజర్ వెళ్లాక నాతో, "చేర్చుకో గోపాల్, కాయిదం మీద పేర్లుండాలె గదా. ఇచ్చుడు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

నేను ఆ మాటలో మొదటి సగమే విన్నట్టు నటించి, మరునాడు వాడకు వెళ్లి చెప్పాను. నా మాట ఎవరూ నమ్మలేదు. వారం తర్వాత ఎస్తేరమ్మ ఒక్కతే వచ్చింది. గోడవతల నిలబడి కేక వేయలేదు. చెప్పులు విడిచి, వాకిలి దాటి, గది గడప దగ్గర ఆగింది. కొంగు ముడిలోంచి ఎరువుల సంచి ముక్కలో చుట్టిన పట్టా కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది.

"అప్పు నిజంగ ఇస్తరా సారు, ఉత్తగ చెప్పినవా?"

"ఇస్తం. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఏలిముద్రెందుకు? నాకు సంతకం వస్తది. ముందుగాల గా కాయిదమియ్యి, సదువుకుంట."

ఆమె చిన్నప్పుడు చర్చి బడి పంతులమ్మ దగ్గర బైబిలు చదవడం నేర్చుకుందట. గడపలోనే కూర్చుని, దరఖాస్తును మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. వరుస కింద వేలు పెట్టి, ఒక్కో ముక్క కూడబలుక్కుంటూ, బైబిలు వాక్యాలు చదివినట్టే పైకి చదివింది. నేను చేరినప్పటి నుంచి ఆ దరఖాస్తును ఎవరూ చదవగా చూడలేదు. నేనూ పూర్తిగా చదవలేదు. విసుగొచ్చి రెండుసార్లు గడియారం చూశాను. ఆమె మాత్రం ఒకచోట ఆగి, "గడువు దాటితే వడ్డీ మీద ఇంకింత అంటున్నరు. గడువెప్పుడు?" అని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, "అప్పటికి కంది అమ్ముడైతది," అని సంతకం పెట్టింది. నాలుగు అక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

పటేల్ ఒప్పుకోలేదు. లావుణి భూమికి అప్పేమిటన్నాడు. సంఘం సమావేశానికి సూపర్‌వైజర్ కూడా వచ్చాడు కాబట్టి ఆయన ముందే దరఖాస్తు తీసి పెట్టాను. భూమి కాదు, పంటే హామీ అని సూపర్‌వైజర్ అనడంతో పటేల్ ఒప్పుకోక తప్పలేదు. ఆ ఏడు ఎస్తేరమ్మకు విత్తనం, ఎరువు, కొంత నగదు వచ్చాయి. నాగుకు పటేల్ ఇంటికి వెళ్లలేదు. కంది అమ్మగానే, గడువుకు ఇంకా ఇరవై రోజులుండగా వచ్చి అసలు, వడ్డీ కట్టి రసీదు తీసుకుంది. ఆ రసీదు వాడంతా తిరిగింది. మరుసటి ఏడు వాడ నుంచి పద్నాలుగు మంది, పక్క తండా నుంచి ఇంకొందరు చేరారు. ఆ ఏడు క్రిస్మస్‌కు ఎస్తేరమ్మ తన కూతురి గౌనుకు గుడ్డ తెచ్చింది. బాపు ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని గంజి వాసన చూసి, కొత్తది అన్నాడు.

మూడో ఏడు ఎండాకాలంలో బ్యాంకు నుంచి తాఖీదు వచ్చింది. సంఘానికి రావలసిన మొత్తంలో సగం కూడా వసూలు కాలేదు కాబట్టి కొత్త అప్పులు ఎవరికీ ఇవ్వబోమని అందులో ఉంది. పుస్తకాలు తీసి చూశాను. వాడవాళ్లలో, తండావాళ్లలో బాకీ ఉన్నవాళ్లు ఇద్దరే, అదీ కొద్దిపాటి వడ్డీ. మిగతా బాకీ అంతా పన్నెండు మందిది. అందరూ పెద్ద రైతులే. మొదటి పేరు పటేల్‌దే. ఆయన మూడేళ్లుగా పైసా కట్టలేదు. అంతకు ముందు ఏటా కాగితం మీద పాతది తీర్చి కొత్తది తీసుకున్నట్టు రాయించేవాడు. నాకు ముందున్న కార్యదర్శి రాశాడు. చేరిన మొదటి ఏడు నేనూ రాసి, తర్వాత మానేశాను. ఆ మాట ఇక్కడ దాచను.

వాన కోసం దుక్కులు చేసుకున్నాక ఎస్తేరమ్మ వచ్చింది. ఆమె వెనుక మరో ఆరేడుగురు. తాఖీదు సంగతి చెప్పాను.

"మేం కట్టినం గద సారు?" అంది.

"మీరు కట్టిండ్రు. మొత్తం సంఘం లెక్క చూస్తరు."

"గట్లెట్ల? కట్టనోళ్లెవరు?"

నేను పుస్తకం మూశాను. లోపలి గదిలో పటేల్ దగ్గు వినిపిస్తోంది. ఆమె నా మొహం చూసి, "నీకు తెల్వక కాదు," అని వెళ్లిపోయింది.

గడువు దాటిన బాకీదారుల జాబితా ఏటా ఆఫీసు బయట అంటించాలని సంఘం నియమావళిలో ఉంది. శిక్షణలో మాచేత బట్టీ పట్టించారు కూడా. ఎక్కడా ఎవరూ అంటించరు. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి బాపుతో చెప్పాను. ఆయన నోట్లోంచి దారం తీసి పక్కన పెట్టాడు. అంటే ఎక్కువ మాట్లాడబోతున్నాడన్నమాట.

"అంటిస్తే నౌకరి ఉంటదా?"

"ఉండకపోవచ్చు."

"అంటియ్యకుంటే?"

"ఉంటది."

"పటేలు ఇంటిల్లిపాదికి బట్టలు కుడుతున్న, ఆరేండ్లాయె కుట్టుకూలి గింజలు నాకు కొలిచి. నేనెన్నడన్న అడిగిన్నా? అడగలే. నాకు భయం." మళ్లీ దారం అందుకున్నాడు. "నీ ఇష్టం బిడ్డా. మిషన్ అయితే ఉన్నది, తిండికి ఫికర్ లేదు."

శనివారం సాయంత్రం తెల్లకాగితం మీద పన్నెండు పేర్లు పెద్ద అక్షరాలతో రాసి, సంఘం ముద్ర వేసి, రోడ్డు వైపు గోడకు అంటించి ఇంటికి వచ్చేశాను. పేర్ల చివర పటేల్, రావు అన్నీ జాగ్రత్తగా రాశాను. మర్యాద తగ్గించానన్న మాట రాకూడదనుకున్నాను.

ఆదివారం చర్చి వదిలాక వాడవాళ్లు ఆ రోడ్డు మీదుగానే ఊళ్లోకి వస్తారు. ఏం జరుగుతుందోనని నేను గది తలుపు తీసుకుని కూర్చున్నాను. ఉతికిన తెల్ల చీరలో, చంకలో బైబిలుతో ఎస్తేరమ్మ వచ్చి కాగితం ముందు ఆగింది. మొదటి వరుస కింద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఒకటి. విఠల్‌రావు పటేల్. అసలు..." అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. "గడువు దాటి మూడు సంవత్సరములు."

ఆమె గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. చర్చిలో వాక్యం చదివే గొంతే అది. దారిన పోయేవాళ్లు ఆగారు. రెండో పేరు చదివేసరికి పదిమంది అయ్యారు. ఐదో పేరు దగ్గరికి వచ్చేసరికి టీకొట్టు బల్ల మీదివాళ్లు కూడా లేచి వచ్చారు. పటేల్ అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చాడు.

"ఏందే ఎస్తేరీ, గా లొల్లి?"

"లొల్లి లేదు పటేలా. కాయిదం సదువుతున్న."

గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డ నా వైపు ఆయన తిరిగాడు. "ఎవల్నడిగి రాసినవ్‌రా?"

"రూల్ల ఉన్నది పటేలా," అన్నాను.

ఆయన కాగితం చింపడానికి చెయ్యెత్తాడు. ఎస్తేరమ్మ వేలు ఇంకా ఆ కాగితం మీదే ఉంది. చింపాలంటే ఆ చెయ్యి తగులుతుంది. ఆమె వేలు తీయలేదు. ఆయన చెయ్యి గాలిలోనే కాసేపు ఉండి దిగిపోయింది.

"పటేలా, నేనొక్క ఏడు నాగు గింజలు తక్కువ పోస్తే నువ్వు నా వాకిట్లకొచ్చి కుక్కిమంచం మీద కూసున్నవ్, పొద్దుగూకేదాంక. నేను నీ వాకిట్ల కూసుంటలేను. సదివి పోత," అంది. ఆరో పేరు మొదలుపెట్టి, పన్నెండూ చదివి, బైబిలు ఇంకో చంకలోకి మార్చుకుని వెళ్లిపోయింది.

పటేల్ నాతో ఒక్కటే మాట అన్నాడు. "రేపటికెల్లి నీ ఆఫీసు నా ఇంట్ల ఉండొద్దు."

సోమవారం ఉదయానికి సొసైటీ బల్ల, పుస్తకాలు, ఎరువుల సంచులు మా ఇంటి వసారాలోకి వచ్చాయి. బాపు మిషన్‌ను ఒక పక్కకు జరుపుకున్నాడు. వేరే గది దొరికేదాకా ఎనిమిది నెలలు ఆఫీసు అక్కడే నడిచింది. యూరియా వాసనకు రొట్టె తినబుద్ధి కావడం లేదని అమ్మ రోజూ గొణిగేది. కానీ వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చేది. మొదట్లో వాడవాళ్లకు పై నుంచి చేతుల్లో పోసేది. నాలుగైదు నెలలకు చెంబు ఇవ్వడం మొదలుపెట్టింది.

నా ఉద్యోగం తీసేయించడానికి పటేల్ నారాయణఖేడ్‌కు, సంగారెడ్డికి తిరిగాడు. నేను నియమావళిలో ఉన్న పనే చేశానని సూపర్‌వైజర్ రాయడం వల్ల అది జరగలేదు. పన్నెండు మందిలో ఎనిమిది మంది నెలలోపే కట్టారు. ఎక్కువమంది తాము రాకుండా జీతగాళ్ల చేత పంపారు. పటేల్ చివరికి తమ్ముడి చేత సగం పంపాడు. బ్యాంకు అప్పులు మళ్లీ తెరిచింది. కానీ అప్పటికి తొలకరి అయిపోయింది. కాబట్టి ఆ ఏడు ఎస్తేరమ్మకు మేలేమీ జరగలేదు. నాగల్‌గిద్దలో ఉన్న తన తమ్ముడి దగ్గరికి పోయి విత్తనాలు బస్సులో తెచ్చుకుంది. పటేల్‌కు భయపడి ఊళ్లో ఎవరూ విత్తడానికి ఎడ్లు ఇవ్వలేదు. తండావాళ్ల ఎడ్లు వచ్చేసరికి నేల పదును ఆరిపోయింది. పెసర పోయింది. కంది సగమే మొలిచింది. ఆ ఏడు బాపు దగ్గరికి ఆమె ఇంటి నుంచి బట్టలేవీ రాలేదు. ఈ సంగతి చెప్పకుండా, ఆమె ఆ ఆదివారం చదివిన ముచ్చట మాత్రమే చెబితే అది అబద్ధమవుతుంది.

తర్వాత నాకు వేరే సంఘానికి బదిలీ అయింది. పెళ్లి, పిల్లలు, ఇంకో రెండు బదిలీలు. చాలా ఏళ్లకు సూపర్‌వైజర్‌గా మళ్లీ ఆ వైపు వచ్చాను. సరిగ్గా అప్పుడే రుణమాఫీ ప్రకటన వచ్చింది. చిన్న రైతులు కట్టకుండా ఉన్న బాకీలన్నీ కొట్టేయమన్నారు. ఊరూరా తిరిగి జాబితాలు తయారు చేశాను. నా చేతికిచ్చిన ఫారంలో బాకీదారు పేరు, అసలు, వడ్డీ, ఎన్నాళ్ల నుంచి కట్టలేదు అని గళ్లున్నాయి. కట్టినవాళ్ల కోసం ఒక్క గడి కూడా లేదు. పటేల్ తన పేరున భూమి తక్కువ చూపించి, కొడుకుల పేర్లన్నీ అందులో ఎక్కించాడు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. నేనే సంతకం పెట్టాను.

ఆ రోజుల్లోనే సొసైటీ ఆఫీసులో ఎస్తేరమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది, వేళ్లు కొంచెం వంకర పోయాయి. ప్రకటనకు పది రోజుల ముందే ఆమె ఆ ఏటి అప్పు మొత్తం కట్టేసిందని పుస్తకంలో చూశాను. మనసు ఊరుకోక, "ఇంకో పది రోజులు ఆగి ఉంటే నీదీ మాఫీ అయ్యేదేమో ఎస్తేరమ్మా," అన్నాను.

"అందరు గదే అంటుండ్రు," అంది. "మాఫీ అంటే తప్పు జేసినోళ్లకు గద సారు. నేనేం తప్పు జేసిన?"

నియమం ప్రకారం మాట్లాడడం ఒక్కటే నాకు వచ్చు కాబట్టి, మాఫీ అయినవాళ్లకు కూడా ఈసారి కొత్త అప్పులు ఇస్తారని చెప్పాను.

"మరి నాకిస్తరా?"

"నీకెందుకియ్యరు? నీకూ ఇస్తరు."

"గంతే గద." నా బల్ల ముందు కుర్చీ జరుపుకుని కూర్చుంది. "ఇగ రాసుకో. రెండెకరాలు కంది. అర ఎకరం పెసర."

రాసుకున్నాను.